పెద్దమ్మ మడికి దిగిన నీరు

మొన్న అరకు వెళ్ళే దారిలో ఒక రిసార్టు గేటు పక్కన నీటి చక్రం తిరుగుతుంటే బస్సు కిటికీలోంచి చూశాను. కరెంటు మోటారు నీటిని పైకి తోడుతోంది, ఆ నీరు పడి చక్రం తిరుగుతోంది, చక్రం మాత్రం దేన్నీ తిప్పడం లేదు. జనం పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. ఈ వానాకాలంలోనే పోయిన మా అక్క గుర్తొచ్చింది. ఉంటే ఆ మోటారుని చూసి నవ్వేది.

మన వయసువాళ్ళకి తిరగలి సంగతి చెప్పనక్కర్లేదు. మా కొండ ఊళ్ళో అమ్మ, పిన్ని తెల్లవారకముందే చోళ్ళు, అదే రాగులు, విసరడానికి కూర్చునేవారు, అరచేతులు బొబ్బలెక్కేవి. మిషన్ బడిలో సైన్సు టీచరుగా చేరిన అక్క ఊరివాళ్ళని కూడగట్టి, మేం గెడ్డ అనే కొండవాగు నీరు దూకే చోట చెక్క చక్రం పెట్టించి, దాని ఇరుసుకి తిరగలి రాయి బిగించింది. పడే నీటి బలం చక్రానికి, చక్రం నుంచి రాతికి, రాతి నుంచి గింజకి చేరడం నేను తర్వాత పుస్తకాల్లో చదివాను గాని, మొదట చూసింది అక్కడే.

అయితే చక్రం దాటిన నీరు నేరుగా మా పెద్దమ్మ వరిమడికి పోవాలి. చక్రం తిరిగిన మొదటి రోజే ఆవిడ గునపం పట్టుకుని కాలువ తెంచడానికి వచ్చింది.

"గుంటా, నీటి సత్తువంతా నీ సక్రమే తాగేత్తే నా మడికేటి మిగుల్తాది? పిప్పి నీరా?"

అక్క కొట్టిపారేయలేదు. "తాగుద్ది పెద్దమ్మా, నిజమే. కానీ అది తాగేది దూకే సత్తువే. నీ మడిలో నీరు దూకక్కర్లేదు గదా, నిలబడితే సాలు."

"సదువుకున్న నోరు! మరి పండకపోతేనో?"

"మా మడి కోసుకో."

నాన్నని అడగకుండానే అనేసింది. మాకున్నది ఆ ఒక్క మడే. ఆ ఏడాదంతా ఇంట్లో అందరం మా వరికంటే పెద్దమ్మ వరినే ఎక్కువ చూశాం. బడికి వెళ్తూ వస్తూ అక్క కూడా ఆ గట్టు మీద కాసేపు నిలబడేది.

వరి ఎప్పటిలాగే పండింది. కొత్త బియ్యం దేవుడికి పెట్టందే మా కొండల్లో ఎవరూ ముట్టరు. ఆ పూజయ్యాక పెద్దమ్మ తన మడి అన్నం తొలి ముద్ద తన పిల్లలకి కాక అక్కకి పెట్టింది. మర్నాడు చోళ్ళ బుట్టతో చక్రం దగ్గరికొచ్చి, "బేగి తిప్పవే, నా మడికి నీళ్ళెల్లాల" అని అక్కనే కసురుకుంది. మా అక్కని చూసి నేను అంతగా గర్వపడిన రోజు మరొకటి లేదు.

తర్వాత కరెంటు వచ్చింది, పిండిమర వచ్చింది, చక్రం పుచ్చిపోయింది. అందుకు విచారం లేదు, మా ఆడవాళ్ళు మళ్ళీ తిరగలి పట్టలేదు. శక్తి నశించదని అక్క బోర్డు మీద రాసేది. సమాధి దగ్గర ఎవరో ఆ మాటే అక్కకి అన్వయించి చెప్తే నాకు నచ్చలేదు. అక్క చెప్పింది నీటి గురించి, మనిషి గురించి కాదు.

గెడ్డ నీరు ఇప్పుడు పెద్దమ్మ మడికి తన సత్తువంతటితోనూ దిగుతోంది. పైన చక్రమున్న చోట ఆ సత్తువని కాస్త అడిగి తీసుకునేవారు లేరు.