హైడ్రోజన్ కాగదని నాకు తెలుసు

ఇన్నేండ్లు ఈ బరువును ఎవ్వరికి చూపకుండ మోసిన. ఇయ్యాల మీకు చెప్తున్న. క్షమించమని మాత్రం అడగను.

శంకర్ ది మహబూబాబాద్, నాది నర్మెట్ట. ఎమ్మెస్సీ ఫిజిక్స్ కలిసి చదివినం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంల కాలేజీలు బందయి నాకొక ఏడాది పోయింది, వాడప్పుడింక బడిల్నే ఉండె. అందుకే వానికన్న పెద్దదాన్ని, అక్కా అనేటోడు. రాకెట్ల మంట పెట్టుడెందుకు, ఒట్టి హైడ్రోజన్ నింపి, నేల మీది నుంచి లేజర్ కొట్టి దాన్ని వేడి చేస్తే చాలు, ఎనుక నుంచి జోరుగ తన్నుకొచ్చి రాకెట్ ను ఎగదోస్తది అని వాని ఆలోచన. తేలిక గ్యాస్ ఎంత కాగితే అంత జోరు. ఆ ముచ్చట హైదరాబాద్ సెమినార్ల చెప్పాలె. అక్కడ మెప్పించినోళ్లకే రీసెర్చ్ సీటు. సీటు ఒక్కటే, పోటీల నేను గూడ ఉన్న.

ఖాళీ క్లాసుల బోర్డు నిండ లెక్క రాసి అడిగిండు.

"అక్కా, జర చూడు. ఏమన్న తప్పున్నదా?"

ఉన్నది. అద్దంల నుంచి పోయినట్టు, లేజర్ వెలుగు చల్లటి హైడ్రోజన్ల నుంచి పోతది. వెలుగును పట్టుకోకుంటే గ్యాస్ కాగేదెట్ల?

"ఏం లేదు తమ్మీ. మంచిగున్నది," అన్న.

ఎందుకన్న? సీటు రాకుంటే బాపు చదువు బంద్ చేయించెటోడు, ఆ భయం నిజమే, ఇన్నేండ్లు నాకు నేను అదే చెప్పుకున్న గని, ఆ క్షణాన బాపు యాదికే రాలే. గెలవాలె అనిపించింది. అంతే.

సెమినార్ల శంకర్ "గిట్ల" అనంగనే ముందు వరుసల మా యాసకు నవ్వు మొదలైంది. తప్పు బయటపడినంక ఇంకింత నవ్విన్రు. అప్పుడు నేను లేచిన. వెలుగును పీల్చుకునే ఇంకో పదార్థం జర కలిపితే హైడ్రోజన్ కాగుతదని చెప్పిన. అదే యాసల చెప్పిన. ఎవ్వరు నవ్వలే. సీటు నాకొచ్చింది.

శంకర్ చదువు ఇడిసిపెట్టి మహబూబాబాద్ల ఎరువుల దుకాణం పెట్టుకున్నడు. కొన్నేండ్లకు జనగామ స్టేషన్ల కలిసిండు. పక్కనున్న భార్యకు గర్వంగ చెప్పిండు:

"అందరు నవ్వంగ, నా ఆలోచనను నిలబెట్టిన అక్క గీమెనే."

నేను కాదనలే. వాడు ఇప్పించిన చాయ తాగిన.

ఆనాడు నవ్వినోళ్ల ముంగట నేనెన్నడు తల వంచ. వాళ్లు మొదలు నవ్వింది తప్పుకు కాదు, మాటకు. సీటొచ్చినంక రెక్కలు ముక్కలు చేసుకొని పని చేసిన, దాన్ని దొంగసొమ్మంటే ఒప్పుకోను. శంకర్ సంగతి వేరు. వాడు నన్ను నమ్మి అడిగిండు. నేను తప్పు చూసి గూడ లేదన్న.

మీరు నన్నేమన్న అనుకోండ్రి. చెప్పిన. జర ఊపిరాడుతున్నది.