చెరుకు రుచి చూసే నోరు

నిజామాబాద్‌ల మా ఇంటి బాత్రూంల ఇప్పుడు ఎన్ని రుచులో! మనుమరాలికి స్ట్రాబెర్రీ పేస్టు, కొడుకుకు లవంగం పేస్టు, కోడలికి పచ్చటి మౌత్ వాష్. ఆ సీసా మూత తీస్తే చాలు, పిప్పర్‌మెంట్ వాసన గుప్పుమని, నేను కోటగిరి కాలువ గట్టు మీద మా చెరుకు తోట ముందల నిలబడ్డట్టే అయితది.

అప్పుడు మా ఇంట్ల పేస్టు ముచ్చటే లేదు. చలికాలం పొద్దుగాల అందరం యాప పుల్లలు నోట్లె వెట్టుకొని, కొసలు కుంచె లెక్క నమిలి, ఎండకు నిలబడి ఊరి ముచ్చట్లన్నీ ఒడిసేదాంక తోముకుంటుంటిమి. పుల్ల లేనినాడు పొయ్యిల బొగ్గు, ఇంత ఉప్పు. ఆఖరికి పుల్లను నడిమికి చీల్చి నాలుక గీసుకొని, కాలువ నీళ్లతోని పుక్కిలిస్తే నోరంత చేదుచేదుగ, సల్లగ ఉండేది. ఆ నోటితోని చెరుకు గడ కొరికితే, అబ్బ, ఆ తీపి ఏ మిఠాయికి వస్తది! బాపుకు తంబాకు నమిలి నమిలి నాలుక మొద్దుబారింది. ఆయన తల్లికి, అంటే మా అవ్వకు, నోట్ల పండ్లు లేవు. తమ్ముడు చిన్నోడు. అందుకే చెరుకు కొట్టుడుకు వచ్చిందా లేదా చెప్పేది నేనే. నేను కొరికి "తీపెక్కింది బాపూ" అంటేనే కత్తులు లేచేవి. చిన్న పొల్లకు అంతకన్న గొప్ప ఏం కావాలె!

ఒక యేడు క్రిస్మస్‌కు మేనమామ నిజామాబాద్ నుంచి పేస్టు, బ్రష్షు తెచ్చిండు. తెల్లారితే చెరుకు కొట్టుడు. నేను పిప్పర్‌మెంట్ పేస్టు బ్రష్షు నిండ వెట్టుకొని తోమి, చలిగాలి నోట్లెకు పీల్చుకుంట తోటకాడికి పోయిన. మరాఠీ కూలోళ్లు కత్తులు పట్టుకొని ఎదురుచూస్తున్నరు. గడ కొరికిన. థూ, చేదు!

"బాపూ, చెరుకు ఖరాబైంది," అన్న.

బాపు ముఖం నల్లబడ్డది. మా ఇల్లంత ఆ పంట మీదనే నడుస్తది మరి. ఇంకో గడ ఇచ్చిండు, గదీ చేదే. తోటకు తెగులు తగిలిందనుకొని, కూలోళ్లను వాపస్ పొమ్మని, గట్టు మీద కూలబడ్డడు. నాకు ఏడుపాగలే. అప్పుడు అవ్వ వచ్చి నా గదువ పట్టుకొని వాసన చూసింది.

"ఓసి నీ నోరు పాడుగాను, ఏం రాసుకున్నవే గిండ్ల? తెగులు చెరుకుకు కాదు కొడుకా, పొల్ల నోటికి!"

గట్టు మీది యాప కొమ్మ విరిచి చేతుల వెట్టింది. చాలసేపు నమిలిన, పుక్కిలించిన, మళ్ల కొరికిన. తేనె! "తీపే బాపూ!" అని నేను అరిచిన అరుపుకు, వాపస్ పోనీకి మూటలు సదురుకుంటున్న కూలోళ్లందరు నవ్విండ్రు. బాపు మాత్రం నవ్వలే. నన్ను ఎత్తుకొని, "మా బిడ్డ తీపన్నది, కొట్టుండ్రి," అన్నడు. అంత గడబిడ అయినంక గూడ ఆయనకు నా మాటే మాట. ఆ గర్వం నాకు ఇప్పటికీ తగ్గలే.

బాపు లేడు, అవ్వ లేదు. ఆ తోటలన్నీ వరి మళ్లయినయి. చెరుకు బండ్ల ఎంటబడి గడలు గుంజుకునే పిల్లలు లేరు. తమ్ముడు మాత్రం తినేటందుకని గట్టు పొంటి రెండు సాళ్లు చెరుకు పెడుతడు. ఆయనకూ తెల్లవెంట్రుకలొచ్చినయి, అయినా నేను కొరకంది కత్తి ముట్టడు. మొన్న ఫోన్ చేసిండు.

"అక్కా, రేపు పొద్దుగాల రా. పేస్టు వెట్టుకోకుండ రా."