వందనాలంటూ వచ్చిన ఫోను

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు పేరిట వందనాలు. ఈ ‘వందనాలు’ అనే మాట వింటేనే వణికిపోయిన కాలం నాకొకటి ఉందండీ!

మాది ఉయ్యూరు. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పని చేస్తూ కుడిచెయ్యి నలగ్గొట్టుకున్నారు, వేళ్లు ముడుచుకుపోయాయి, ఆపరేషన్ కోసం కూడబెట్టిందంతా బ్యాంకులో వేసి ఉంచాం. ఒక మధ్యాహ్నం చక్కెర ఫ్యాక్టరీ నుంచి తియ్యటి వాసన గాలిలో తేలి వస్తుంటే, మగతగా కళ్లు మూతపడుతుంటే ఫోను మోగింది. నా కాలర్ ట్యూన్ ఒక స్తుతి పాట, ఫోను చేసిన అబ్బాయి అది విన్నాడు కాబోలు, “వందనాలక్కా! మీ పాట వింటే ప్రాణం లేచొచ్చిందండీ. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా, మీ కార్డు ఆగిపోతుందండీ, నెంబరు చెప్పండక్కా” అన్నాడు. విశ్వాసి బిడ్డ అబద్ధమాడతాడా అనుకుని కార్డు మీది అంకెలూ, మెసేజ్‌లో వచ్చిన ఓటీపీ, అన్నీ నిద్రలో మాట్లాడినట్టు చదివి వినిపించాను సహోదరులారా! ఖాతా ఊడ్చిపెట్టుకుపోయింది.

ఆ రోజే సైబర్ పోలీసులకు ఫిర్యాదు చేశాం. “పోనీలేవే, ఎడమచెయ్యి ఉందిగా” అన్నారు మా ఆయన, ఆ మాటకి నేను ఇంకా కుంగిపోయాను. నీళ్ల అడుగున నడుస్తున్నట్టు ఉండేది నాకు, మోకరించి “ప్రభువా” అంటే ఆ అబ్బాయి గొంతే వినిపించేది.

ఒక తెల్లవారుజామున కల వచ్చింది. కాలవ గట్టంతా మంచు, ఎటు చూసినా తెలుపే, అందులోంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు, ఏమీ అడగలేదు, ఊరికే పిలిచారు! లేచి ఏడుస్తూ, “తండ్రీ, నా తెలివి తెల్లారింది, ఇక నువ్వే దిక్కు, మా ఆయన చెయ్యి నీ చేతిలో పెడుతున్నాను” అని ప్రార్థించాను. ఆ వారంలోనే బ్యాంకు నుంచి కబురు, దొంగల ఖాతాలోంచి బయటికి పోకముందే డబ్బు చాలా మటుకు ఆపగలిగారట, అది మాకు తిరిగొచ్చింది! ఆపరేషన్ అయింది, వేళ్లు విచ్చుకున్నాయి, దేవునికే మహిమ!

మొన్న మళ్లీ ఫోను మోగింది. వేరే గొంతు, అదే వందనాలు, అదే కార్డు మాట. చిత్రం, నాకు కోపం రాలేదు! “నెంబరు చెప్పను తమ్ముడూ. నీ పేరు చెప్పు, నీకోసం ప్రార్థన చేస్తా” అన్నాను. అతను ఫోను పెట్టేశాడు.

ప్రియులారా, ప్రభువు పేరు చెప్పి అడిగినా సరే ఓటీపీ ఎవరికీ చెప్పకండి, గుండెలో ఉన్నది మాత్రం ఆయన దగ్గర దాచకండి, ఆయన్ని నమ్మండి. ఆ తమ్ముడు పేరు చెప్పలేదు. మేమిద్దరం పేరు తెలియకుండానే అతని కోసం ప్రార్థిస్తున్నాం, ఈ పూట మీరు కూడా మాతో మోకరించండి.