ఇరవైకి ఇరవై తప్పులు

2019 మార్చి. అప్పుడు కువైట్‌లోని హవల్లీలో ఒక టైపింగ్ సెంటర్‌లో నాకో టేబులు ఉండేది. టైపింగ్ సెంటర్ అంటే వీసా, ఇఖామా దరఖాస్తులను అరబిక్‌లో టైపు చేసిచ్చే దుకాణం. పిల్లల ఇఖామా, అంటే నివాస అనుమతి, చేతికి రాగానే తల్లిదండ్రులు నా టేబులు దగ్గరికి వచ్చి బడి సంగతి అడిగేవారు. అంతకుముందు అక్కడే ఒక ఇండియన్ స్కూల్లో పద్దెనిమిదేళ్లు లెక్కలు చెప్పాను. అడ్మిషన్ల పని మొదలుపెట్టి అది పదకొండో ఏడు.

ఆ పని ఎలా ఉంటుందో తెలియనివారికి రెండు మాటలు. ఇంటర్నేషనల్ స్కూల్ అన్న బోర్డు అక్కడ చాలా బడులకు ఉంటుంది. బ్రిటిష్, అమెరికన్ సిలబస్ చెప్పే వాటిలో ఏడాది ఫీజు మామూలు ఉద్యోగి ఐదారు నెలల జీతం. మన సీబీఎస్ఈ బడులు అందుబాటులో ఉంటాయి, కాని వాటిలో సీట్లు తొందరగా నిండిపోతాయి. నేను ఎవరికీ ఫీజు ఒక్కటే చెప్పేదాన్ని కాదు. బస్సు, పుస్తకాలు, యూనిఫాం, ఒకసారి కడితే తిరిగిరాని రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కూడి, పన్నెండుతో భాగించి, నెలకు పడే మొత్తం ఇదని కాగితం మీద వేసి చూపించేదాన్ని. అది జీతంలో ఆరో వంతు దాటితే ఆ బడి వద్దనేదాన్ని. కొందరికి కోపం వచ్చేది. రెండో ఏడు ఫీజు కట్టలేక పిల్లలను మధ్యలో మాన్పించినవాళ్లను చూశాను కనుక నా మాట మార్చుకోలేదు.

మార్చి ఆరో తేదీ, బుధవారం, శ్రీనివాసులు, రెడ్డెమ్మ, వాళ్ల కూతురు చందన వచ్చారు. సొంతూరు రాయచోటి దగ్గర. శ్రీనివాసులు అమ్ఘరాలో పాత ఇళ్ల సామాను, తుక్కు ఇనుము అమ్మే యార్డులో సూపర్‌వైజరు. రెడ్డెమ్మ మిష్రిఫ్‌లో ఒక కువైటీ కుటుంబం విల్లాలో ఏడేళ్లకు పైగా పనిచేసింది. ఇళ్లలో పనిచేసేవాళ్ల వీసా మీద పిల్లలను తెచ్చుకోవడం కుదరదు. శ్రీనివాసులు జీతం ఫ్యామిలీ వీసాకు ఉండాల్సిన హద్దును చేరాక, రెడ్డెమ్మ పని వదిలి ఇఖామాను భర్త మీదికి మార్చుకుంది. ఫిబ్రవరిలో చందనను తెచ్చుకున్నారు. పిల్లకు ఏడాదిన్నర ఉన్నప్పుడు రెడ్డెమ్మ తన చెల్లెలి ఇంట్లో వదిలి వచ్చింది. ఇప్పుడు ఆ పిల్లకు తొమ్మిదేళ్లు.

“యాడైనా పర్వాలేదు మేడమ్. ఫీజు మాత్రం తక్కువుండాల” అన్నాడు శ్రీనివాసులు.

“జీతం ఎంత?”

“నాలుగు వందల అరవై దినార్లు. రూముకు నూటా యాభై పోతాది. ఊరికి నూరు పంపాల.”

రెడ్డెమ్మ కూతురి పక్క కుర్చీలో కూర్చోబోయింది. పిల్ల కాస్త పక్కకు జరగడం చూసి, ఒక కుర్చీ వదిలి అవతల కూర్చుంది.

చందన ఊళ్లో ఇంగ్లిష్ మీడియంలో చదివింది. మూడో తరగతి మార్కులు చూశాను. లెక్కల్లో నూటికి తొంభై ఆరు. నాలుగో తరగతికి మూడు బడుల్లో సీట్లున్నాయి. ఏ బడిలోనైనా ముందు ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడతారు. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదానికి టిక్ పెట్టాలి. ఈ పిల్ల గురించి నేను దిగులు పడలేదు.

మొదటి బడి వాళ్లు కుదరదన్నారు. నాలుగు రోజులకు రెండో బడి వాళ్లూ అదే అన్నారు. అక్కడి కోఆర్డినేటర్ నాకు తెలిసిన మనిషే. ఫోన్ చేసి అడిగితే, “ఒక్కటి కూడా ఒప్పు లేదండీ” అంది.

మార్చి పదిహేడున ముగ్గురూ మళ్లీ వచ్చారు. శ్రీనివాసులు ముఖం నల్లబడి ఉంది. కూతురి ముందే అన్నాడు:

“మా అమ్ఘరాలో తుప్పు పట్టిన ఇనుముకైనా ఒక రేటు పలుకుతాది మేడమ్. దీని చదువుకు యాడా పలకలేదు.”

“ఊరుకోబ్బా. పిలకాయ ముందర ఏం మాటలవి” అంది రెడ్డెమ్మ.

“ఊరుకోక ఏం జేసేది? మిగిలింది ఒక్క బడి. దాండ్లో గూడా రాకుంటే టికెట్ తీస్తా. ఖలాస్. ఊర్లోనే సదువుకుంటాది.”

ఆ మాట అని అతను డ్యూటీకి వెళ్లిపోయాడు. నిజానికి అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. మూడో బడిలో నాలుగో తరగతికి ఒక్క సీటే మిగిలింది. టెస్ట్ ఇరవయ్యో తేదీన. అది పోతే వాళ్ల జీతానికి అందే బడి ఆ ఏడాదికి ఇంకొకటి లేదు. బడి లేకుండా పిల్లను ఒంటి గదిలో కూర్చోబెట్టి ఉంచుకోలేరు.

సాధన చేయిద్దామని నేనే ఒక మోడల్ పేపర్ రాసి చందనకు ఇచ్చాను. పావుగంటలో తిరిగి ఇచ్చేసింది. దిద్దాను. ఇరవైకి ఇరవై తప్పులు.

నేను పెన్ను పక్కన పెట్టి కాసేపు ఆ కాగితాన్నే చూశాను. నాలుగు జవాబుల్లో ఒకదానికి కళ్లు మూసుకుని టిక్ పెట్టినా ఇరవైలో నాలుగైదు తగులుతాయి. ఏమీ రాని పిల్లకు కూడా సున్నా రావడం అరుదు. వరసగా ఇలా రావాలంటే ప్రతి ప్రశ్నకూ ఒప్పు ఏదో తెలిసి ఉండాలి. కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చూశాను. రెండు చోట్ల రబ్బరుతో చెరిపిన గుర్తు ఉంది. చెరిపిన టిక్కులు రెండూ ఒప్పు జవాబుల దగ్గరే ఉన్నాయి.

పక్క బకాలా కొట్టులో మజ్జిగ ప్యాకెట్లు తెమ్మని రెడ్డెమ్మను పంపాను.

“చందనా, ఇన్ని తప్పులు పెట్టడం చాలా కష్టం. నాకైతే చేతకాదు. ఏడు ఎనిమిదులెంత?”

“యాభై ఆరు.”

“మరి యాభై నాలుగుకు టిక్ పెట్టావేం?”

కాలితో కుర్చీ కోడును తన్నుతూ కూర్చుంది. “సీటు రాకుంటే అమ్మ కాడికి పంపిస్తారు” అంది.

“అమ్మ ఇక్కడే ఉందిగా. ఇప్పుడే కొట్టుకు వెళ్లింది.”

“ఈమె కోయిట్ అమ్మ. మా అమ్మ ఊర్లో ఉండాది.”

కోయిట్ అంటే కువైట్. ఆ పిల్ల అమ్మ అంటున్నది తనను పెంచిన చిన్నమ్మను, రెడ్డెమ్మ చెల్లెలిని. ఆ ఇంట్లో తన ఈడుదే భవ్య అని చిన్నమ్మ కూతురుంది. ఇద్దరూ ఒకే మంచంలో పడుకునేవాళ్లట. భవ్య ఇప్పుడు చందన ఉండే వైపు గోడకు దిండు పెట్టుకుని పడుకుంటోందని చెప్పింది.

“ఊరికి పోతానని నోరు తెరిచి అడగొచ్చు కదా. ఈ తప్పులన్నీ ఎందుకు?”

“అడిగితే కోయిట్ అమ్మ ఏడుస్తాది. నాకు సదువు రాదనుకుంటే నన్ను తిడతారు. అంతే గదా.” నా వైపు చూసి, “అవ్వా, మీరు చెప్పాకండి” అంది.

చెప్పనని మాట ఇవ్వలేదు. చెబుతాననీ అనలేదు. అప్పటికి రెడ్డెమ్మ మజ్జిగతో వచ్చేసింది. చందన కుర్చీలో వంగి కూర్చుని ఆ ప్యాకెట్ తాగింది.

నా దగ్గరికి వచ్చిన తల్లికి తన పిల్ల సంగతి దాచిపెట్టి సీటు ఇప్పించడం నాకు ఇష్టం లేదు. మర్నాడు రెడ్డెమ్మను ఒక్కదాన్నే రమ్మన్నాను. పేపర్ ముందు పెట్టి, ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే, తనే అంది:

“నాకు తెలుసమ్మా.”

“ఏం తెలుసు?”

“దానికి అన్నీ వచ్చు. బకాలాలో మలబారీ అన్న మిషను నొక్కేలోపల అది మొత్తం చెప్పేస్తాది. ‘ఈ పాపను నాకిచ్చేయ్, గల్లాలో కూర్చోబెట్టుకుంటా’ అంటాడాయన. లెక్కలు రావంటే నేనెట్ల నమ్ముతా?”

“మరి మొదటి బడి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“ఒక్కటన్నా నాకోసం ఒప్పు పెడ్తాదేమోనని చూస్తాండా.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకోలేదు, గొంతు కూడా మారలేదు. మిష్రిఫ్ సంగతి చెప్పుకొచ్చింది. ఆ ఇంట్లో మామా, అంటే యజమానురాలు, కడపటి కొడుకును పుట్టిన నలభయ్యో రోజు నుంచి రెడ్డెమ్మ చేతిలో పెట్టింది. వాడికి నీళ్లు పోసింది, తినిపించింది, పక్కలో పడుకోబెట్టుకుంది. వాడికి ‘దా’, ‘బువ్వ’ అనే మాటలు అరబిక్ కంటే ముందు వచ్చాయి.

“నేను పని వదిలి వచ్చే పొద్దు వాడు నా కాళ్లు కరుసుకున్యాడమ్మా. నలుగురు లాగినా రాలేదు. కన్నతల్లి పక్కనే నిలబడుకోనుంది. ‘రా నాయనా’ అని చేతులు చాపింది. వాడు ఆమె తట్టు చూడనే లేదు. నాకు ఆ పొద్దు లోపల్లోపల శానా గొప్పగా అనిపించింది. ఇప్పుడు ఆ మామా మొగమే గుర్తొస్తాండాది. మా చెల్లెలు కాళ్లు కరుసుకున్న పిల్లనే గదా నేను లాక్కొచ్చింది.”

టెస్ట్ రోజు పొద్దున్నే, బడికి వెళ్లేముందు ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. అలా రమ్మన్నది నేనే, టెస్ట్ టోకెన్ కాగితం నా దగ్గరుంది కనుక. రెడ్డెమ్మ నా ఎదుటే కూతురి ముందు కూర్చుంది.

“పాపా, నీకు వచ్చింది వచ్చినట్టు పెట్టు. ఎండాకాలం సెలవులకు మనిద్దరం ఊరికి పోతాం. ఆడే ఉంటానంటే ఉందువు. నేను ఏడవను. వచ్చిండేది రాదని మాత్రం పెట్టాకు.”

శ్రీనివాసులు విసుక్కున్నాడు. “తొమ్మిదేండ్ల పిల్లను అడిగి కాపరం జేస్తావా? ఇంత అగచాట్లు పడి తెచ్చుకొని?”

“వదిలిపెట్టేటప్పుడు అడగలేదు. తెచ్చుకునేటప్పుడు అడగలేదు. ఇప్పుడన్నా అడగాల గదబ్బా.”

అతను కారు తాళాలు తీసుకుని, “యల్లా, టైమవుతాంది” అని బయటికి నడిచాడు.

చందనకు పద్దెనిమిది వచ్చాయి. పోయిన రెండూ ఇంగ్లిష్‌లో, అవి నిజంగా రాక పోయినవే. ఏప్రిల్లో నాలుగో తరగతిలో చేరింది. మే నెలలో ఒకసారి తల్లీకూతుళ్లిద్దరూ టైపింగ్ సెంటర్ ముందు నుంచి వెళ్తూ లోపలికి వచ్చారు. పిల్ల చేతిలో ఐస్‌క్రీం ఉంది. ఆ రోజు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లోనే కూర్చున్నారు. చందన నాకు పదిహేడో ఎక్కం అప్పజెప్పింది. కుదురుకుందనే నేను అనుకున్నాను.

జూన్ ఆఖరున బడి సెలవులు ఇచ్చారు. ఇద్దరూ ఊరికి వెళ్లారు. సెప్టెంబరు ఐదున రెడ్డెమ్మ ఒక్కతే వచ్చి, టీసీకి ఎలా రాయాలని అడిగింది. టీసీ అంటే పిల్ల బడి మారడానికి ఇచ్చే పత్రం.

“ఉంటానన్నదా?”

“అననైతే లేదు. రేపు తిరుగు ప్రయాణమనంగా బట్టలన్నీ తానే మడిచి పెట్టెలో పెట్టుకునింది. ఏడవలేదు. అది అట్ల ఏడవకుండా సర్దుకుంటాంటే నేనే సూడలేకపోయినా. ఒకటొకటీ మళ్లీ బయటికి తీసి అల్మారాలో పెట్టేసినా.”

“వాళ్ల నాన్న ఏమన్నాడు?”

“వారం దినాలు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాండాడులే.”

టీసీ దరఖాస్తు రాస్తూ నా అలవాటు కొద్దీ ఖర్చంతా కూడి చూశాను. రిజిస్ట్రేషన్ పది దినార్లు, అడ్మిషన్ ఇరవై, మూడు నెలల ఫీజు తొంభై ఆరు, బస్సు నలభై ఐదు, పుస్తకాలు ముప్పై ఎనిమిది, యూనిఫాం పద్దెనిమిది. రెండు వందల ఇరవై ఏడు. టికెట్లు కాక. “ఇందులో ఒక్క దినారు కూడా తిరిగి రాదమ్మా” అన్నాను. నాకు నిజంగానే బాధగా ఉంది. జీతంలో ఆరో వంతు అని పట్టుబట్టిన మనిషిని నేను.

“పోనీలేమ్మా” అంది రెడ్డెమ్మ. “మూడు నెల్లు దానికి పొద్దున్నే జడలేసి పంపించినా.”

సంతకం పెట్టి, కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. మరుసటి ఏడు కరోనాతో విమానాలు ఆగిపోయాయి. ఆమె మళ్లీ కూతుర్ని చూడటానికి రెండేళ్లకు పైగా పట్టింది.

ఆ తర్వాత ఆ టేబులు దగ్గర ఇంకో నాలుగేళ్లు పనిచేశాను. ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలుంటే, పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమని, ఎవరు గుర్తొస్తున్నారని పిల్లలనే అడిగేదాన్ని. ఎక్కువమంది చెప్పేవారు కాదు. చెప్పినవాళ్ల తల్లిదండ్రులతో మాత్రం, బడి వెతకడానికి ముందు ఆ పేరు ఇంట్లో పలకనివ్వండి అనేదాన్ని. చవకగా మంచి బడి చూపించడం నాకు చేతనైన పని. పిల్ల ఒప్పు జవాబు పెట్టే దాకా కూర్చుని ఎదురుచూడటం, పెట్టాక కూడా పిల్లకు ఇచ్చిన మాట మీద నిలబడటం ఎలాగో రెడ్డెమ్మ దగ్గర చూశాను. నేనైతే ఆ పెట్టెలోంచి బట్టలు తీసి ఉండేదాన్ని కాదు.