ఫోనుకి ఎదురుగా నిలబడి నేర్చిన టెన్నిస్

2022. కరోనా దెబ్బకి మూతపడ్డ కాలేజీలు మళ్ళీ గాడిన పడ్డ ఏడాది. బందరులో ఒక డిగ్రీ కాలేజీకి నేను టెన్నిస్ కోచ్‌ని. పొద్దున్నే ఉప్పుగాలికి వదులైన నెట్టు బిగించి, వచ్చినవాళ్ళకి ఆట నేర్పడం నా ఉద్యోగం.

ఒకరోజు లిఖిత అనే అమ్మాయి వచ్చింది. కూచిపూడి పక్కన పల్లె, బీకాం ఆఖరి సంవత్సరం. ఇంటర్ కాలేజియేట్‌లో, అంటే కాలేజీల మధ్య జరిగే పోటీల్లో, మన టీమ్ తరఫున ఆడాలంది. ఎక్కడ నేర్చుకున్నావంటే, లాక్‌డౌన్‌లో ఫోన్ చూసి, ఇంటి వెనక గోడకి కొట్టి నేర్చుకున్నానంది. పద్దెనిమిది దాటాక రాకెట్ పట్టిందన్నమాట! మొక్కై వంగనిది మానై వంగుతుందా? నాలుగు బంతులేసి మర్యాదగా పంపించేద్దాం అనుకున్నాను.

ఎడమచేత్తో ఆడింది. ఫోర్‌హ్యాండ్, అంటే రాకెట్ పట్టిన చేతివైపు కొట్టే దెబ్బ, ఏదో ఫర్వాలేదు. రెండు చేతులతో అవతలి వైపు కొట్టే బ్యాక్‌హ్యాండ్ మాత్రం, అమ్మ బాబోయ్, బంతి నా చెవి పక్కనుంచి రయ్యిమని పోయింది. కొత్తవాళ్ళకి ఓ పట్టాన లొంగనిది ఆ దెబ్బే. ఈ పిల్లకి అంతా తిరగబడి ఉందేంటా అనుకుంటూనే, రోజూ రమ్మన్నాను.

సెలక్షన్స్ దగ్గర పడ్డాక ఓ ఉదయం బంతి ప్రహరీ దాటి రోడ్డున పడింది. లిఖిత వెళ్ళి, గేటు దగ్గర్నుంచే కుడిచేత్తో విసిరింది. తిన్నగా వచ్చి నా అరచేతిలో చురుక్కుమంది. మన ఇళ్ళల్లో ఎడమచేతి వాటం వాళ్ళని కూడా కుడిచేత్తోనే తినమంటారు కాబట్టి తిండి చూసి ఏమీ తెలీదు. విసురు మాత్రం అబద్ధం చెప్పదు.

"అమ్మాయ్, నీది ఏ చేతివాటం?"

"కుడి సార్."

"మరి రాకెట్ ఎడమచేత్తో పట్టావేం?"

"వీడియోలో ఆయన అలాగే పట్టుకున్నాడు కదా సార్."

ఫోన్ తీసి చూపించింది. ఆటగాడు కెమెరాకి ఎదురుగా ఉన్నాడు. రాకెట్ అతని కుడిచేతిలోనే ఉంది, కానీ చూసేవాళ్ళకి ఎడమవైపు కనిపిస్తోంది. చిన్నప్పట్నుంచీ డాన్స్ నేర్చుకున్న పిల్ల. వాళ్ళ మేష్టారు ఎదురుగా నిలబడి, పిల్లల కోసం తనే ఎడమచేత్తో చూపించేవారట. ఆయన చెయ్యి ఎటు కనిపిస్తే అటు చెయ్యి ఎత్తడమే వీళ్ళ పాఠం. ఎదురుగా నిలబడి నేర్పేవాళ్ళందరూ అంతేననుకుంది.

బెంచీ మీద కూలబడ్డాను. అంతకాలం గోడకి కొట్టి కొట్టి నేర్చింది తనది కాని చేత్తోనా! బ్యాక్‌హ్యాండ్ గుట్టు కూడా అప్పుడే తెలిసింది. ఆ దెబ్బలో బలమంతా పైన పట్టిన చేతిది. అది ఈ పిల్ల అసలు చెయ్యి.

లిఖిత మొహం పాలిపోయింది. గబగబా రాకెట్ కుడిచేతికి మార్చి సర్వీసులు వేసి చూసింది. ఒక్కటీ నెట్టు దాటలేదు.

"ఈ ఏడాది దాటితే నాకు కాలేజీ లేదు సార్," అంది. కళ్ళనిండా నీళ్ళు.

ఎడమచేత్తోనే ఆడమన్నాను. సెలక్షన్స్‌లోపు చెయ్యి మార్చేంత టైము లేదు.

సెలక్షన్స్‌లో అందరూ కొత్తపిల్ల కదా అని బలహీనమైన వైపనుకుని బ్యాక్‌హ్యాండ్‌కే బంతులేశారు. రయ్యిమని తిరిగొచ్చాయి. టీమ్‌లో ఆఖరి చోటు దొరికింది.

గుడివాడలో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. ఒక సెట్ మాత్రం లాక్కుంది. గెలిచినమ్మాయి చెయ్యి కలుపుతూ, లెఫ్ట్‌హ్యాండర్స్‌తో ఆడటం నరకం అంది. లిఖిత పొట్ట పట్టుకుని నవ్వింది.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ చూస్తూ నావైపు తిరిగింది. "రేపట్నుంచి కుడిచేత్తో మొదలెడదామా సార్?"

పొద్దున్నే రమ్మన్నాను.

ఇప్పుడు కొత్తవాళ్ళొస్తే ముందు బంతి ఇచ్చి విసరమంటాను. చూపించేటప్పుడు ఎదురుగా నిలబడను, పక్కన నిలబడతాను. ఆ మొక్కా మానూ సామెత మాత్రం మా కోర్టులో ఎవర్నీ అననివ్వను.