ఆ పేరుతో ఒకటి ముందే ఉంది

కంప్యూటర్ ఏం అడిగినా చదవకుండా ‘యెస్’ అని నొక్కేయడమే తెలివనుకునే రోజులవి. అప్పుడు నేను పర్చూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెప్పేదాన్ని. చెప్పేదాన్ని అంటే, దాన్ని ఎలా ఆన్ చేయాలో, అంతకంటే ముఖ్యంగా చెప్పులు గది బయట ఎలా విడవాలో చెప్పేదాన్ని. మా ఆయన ఎరువుల కొట్లో గుమస్తా. ముహూర్తాల రోజుల్లో మాత్రం వీడియోగ్రాఫర్. ఆయన కెమెరా భుజాన వేసుకుని వెళ్ళి తెచ్చిన క్యాసెట్లను నేను ఇంట్లో కూర్చుని ‘మిక్సింగ్’ చేసేదాన్ని. (ఎడిటింగ్ అనే మాట మా వైపు ఇంకా రాలేదు. “మీ ఆవిడ మిక్సింగ్ బాగా చేస్తదంట కదా” అని ఆయన్ను అడిగేవాళ్ళు, నేను పచ్చడి రుబ్బుతానేమో అన్నట్టు.)

మా దగ్గర సాఫ్ట్‌వేర్ సీడీలు రెండుండేవి, రెండూ గుంటూరులో కొన్నవే. మొదటిదానికి మేము పెట్టుకున్న పేరు ‘కత్తెర’. ప్రతి ముక్కా మనమే కోయాలి, మనమే అతకాలి. దానితో ఒక ఓణీల ఫంక్షన్ వీడియో చేయడానికి నాకు నెల పట్టింది, మెడ పట్టేసింది. రెండోది ‘ఆటోమేటిక్’. క్యాసెట్ లోపలికి ఎక్కించి, పాట ఒకటి ఇచ్చి, ఒక్క బటన్ నొక్కితే చాలు. తనే ముక్కలు ఏరుకుంటుంది, రంగులు కలిసిన ముక్కల్ని పక్కపక్కన పెడుతుంది, పాటకు తగ్గట్టు తనే అతికేస్తుంది. ఏది వాడాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినంత చర్చ మా పెళ్ళి మీద కూడా జరగలేదు.

“తనంతట తనే చేసుకునే మిషన్ని ఎట్టా నమ్ముతామే?” అనేవారు ఆయన.

“అందరూ వాషింగ్ మిషన్ని నమ్మట్లేదా?”

“మనకి వాషింగ్ మిషన్ ఎక్కడుంది?”

“ఈ పెళ్ళి బాగా వస్తే వస్తుందండీ.”

ఈ పెళ్ళంటే, ఆ ఓణీల ఫంక్షన్ చేయించిన వాళ్ళింట్లోదే. వాళ్ళ చుట్టరికం చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఉంది. వీడియో వాళ్ళకు నచ్చితే ఇక మాకు తిరుగులేదు. చెడితే కెమెరా అమ్మేసి, జన్మంతా యూరియా బస్తాల మధ్య కూర్చుంటానని ఆయన చెప్పేశారు. పెళ్ళయ్యాక ముత్తయిదువులకు వాయనాలిచ్చే రోజున బంధువులందరినీ కూర్చోబెట్టి వీడియో వేస్తారట, పది రోజులే గడువు. కత్తెరతో అయ్యే పని కాదు. నేను ఆటోమేటిక్ సీడీ తీశాను.

ఎండాకాలం సెలవులు. మిట్టమధ్యాహ్నం. తెర కనపడాలని కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాను. పక్కింటి వాళ్ళు మిద్దె మీద మిరపకాయలు ఆరబోశారేమో, ఆ ఘాటు సందుల్లోంచి వచ్చి గొంతులో కూర్చుంది. వీధిలో అలికిడి లేదు. కంప్యూటర్ మూడు గంటలు గురగురమని ఆగింది. నేను చూడటం మొదలుపెట్టాను. పందిరి, మేళం, జీలకర్రా బెల్లం, అన్నీ ముచ్చటగా వచ్చాయి. అక్షింతలు వేసే ఘట్టం వచ్చింది. తెల్ల పంచె, భుజాన కండువా ఉన్న ఒక పెద్దాయన పిడికెడు అక్షింతలు పైకి విసిరి, కెమెరాలోకి సూటిగా చూసి నవ్వాడు. తరువాతి ముక్కలో ఆ అక్షింతలు పెళ్ళికొడుకు తలమీద పడ్డాయి.

ఆయన పెళ్ళికొడుకు తాతగారు. పోయి ఏడాది దాటింది. ఆయన దినం భోజనానికి నేను స్వయంగా వెళ్ళి, గారెలు తినొచ్చాను.

నాకు చెమటలు పట్టాయి. కరెంటు పోయిందేమో అనుకున్నాను, ఫ్యాను తిరుగుతూనే ఉంది. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. మళ్ళీ విసిరాడు, మళ్ళీ నవ్వాడు. నేను వీధిలోకి పరుగెత్తి, ఎదురింటి అరుగు మీద మా ఆయన వచ్చేదాకా కూర్చున్నాను. (ఎందుకు కూర్చున్నావని వాళ్ళడిగితే మీ అరుగు చల్లగా ఉందన్నాను. అది కాలే నాపరాయి.)

ఆయన వచ్చి చూశారు. “పెళ్ళిలో ఈయన్ని నేను తియ్యలేదే,” అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

“పోయినాయన్ని ఎట్టా తీస్తారండీ?”

“అదే అంటున్నా.”

ఆ మిక్సింగ్ చెరిపేసి మళ్ళీ బటన్ నొక్కాం. ఈసారి అక్షింతల దగ్గర తాతగారు లేడు. హమ్మయ్య అనుకునేలోగా భోజనాల బంతిలో, కుర్చీలో వెనక్కి వాలి, ఎవరినో మంచినీళ్ళు అడుగుతున్నాడు. మర్నాడు మా ఆయన నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ దారానికి గుచ్చి మానిటర్‌కు వేలాడదీశారు. (బీఎస్సీ ఫస్ట్ క్లాసు ఆయనది.) నేను అగరొత్తి వెలిగించి, ఈసారి కళ్ళు మూసుకుని నొక్కాను. మూడోసారి అక్షింతల్లోనూ, బంతిలోనూ ఎక్కడా తాతగారి జాడ లేదు. చివరి పావుగంట చూడాల్సింది. కానీ అప్పటికే బయట బండి హారన్ మోగుతోంది, క్యాసెట్ కోసం మనిషి వచ్చేశాడు. నిజం చెప్పాలంటే చూసే ధైర్యమూ లేదు.

వాయనాల రోజున పెళ్ళికొడుకు ఇంటి హాల్లో నలభై మంది కూర్చున్నారు. పెళ్ళికొడుకు నాయనమ్మ, మామ్మగారు, అందరికీ వెనగ్గా గుమ్మం పక్కన కూర్చుంది. పెళ్ళిలో కూడా ఆమెను అలాగే వెనగ్గా కూర్చోబెట్టారు, మనవడి మీద అక్షింతలు వేయనివ్వలేదు. అది చూసి నాకు అప్పుడే కోపం వచ్చింది. వీడియో సాగింది. అప్పగింతలకు అందరూ ఏడ్చారు, అంటే మా పని బాగున్నట్టే. మా ఆయన నా వైపు చూసి కనుబొమలెగరేశారు, వాషింగ్ మిషన్ వచ్చేసినట్టే.

గృహప్రవేశం వచ్చింది. పాట సన్నగిల్లింది. తెర మీద అదే ఇల్లు, అదే సింహద్వారం. గడపలో తాతగారు నిలబడి ఉన్నాడు.

“రండమ్మా, లోపలికి రండి. ఎండగా ఉంది,” అన్నాడు.

పెళ్ళికూతురు కుడికాలు లోపల పెట్టింది.

కొత్తకోడలు పక్కనున్న ఆడబిడ్డ చెయ్యి పట్టుకుంది. నలభై మంది తలలూ తెర మీద నుంచి పక్కకు తిరిగి, మామ్మగారి పక్కనున్న నిజం గడపను చూశాయి. నేనూ చూశాను. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు. మా ఆయన చిన్నగా లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అంతలో వెనకనుంచి మామ్మగారి గొంతు వినపడింది.

“ఇంకోసారి వెయ్యండయ్యా.”

ఆ సాయంత్రం ఏడుసార్లు వేశారు.

ఇంటికి వచ్చి, భయం కోపంగా మారాక, కంప్యూటర్ లోపలంతా వెతికాను. దొంగ దొరికాడు. ఆ దొంగ నేనే. ఓణీల ఫంక్షన్ మనవరాలిదే అయినా చేయించింది తాతగారు కాబట్టి ఆ ఫోల్డర్‌కు ఆయన పేరు పెట్టాను. పెళ్ళికొడుకును ఇంట్లో అంతా ‘బాబు’ అంటారు, శుభలేఖలో ఉన్నది మాత్రం తాతగారి పేరే. అదే ఇంటిపేరు, అదే పేరు. నేను శుభలేఖ చూసి టైపు చేసినప్పుడు కంప్యూటర్ పాపం అడిగింది, ఆ పేరుతో ఒకటి ముందే ఉంది, అందులోనే కలిపేయనా అని. నేను యెస్ అన్నాను. ఫంక్షన్ జరిగిందీ ఆ ఇంట్లోనే, అప్పుడు నేను కత్తెరతో కోసి పక్కన పడేసిన ముక్కలే ఇవన్నీ. ఆ రోజు గడపలో నిలబడి ఎండన పడి వచ్చిన చుట్టాలను పిలిచిన పిలుపే అది.

చెప్పకుండా ఊరుకోవచ్చు, కానీ రెండు రోజులు అన్నం సహించలేదు. వెళ్ళి మామ్మగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. “మామ్మగారూ, అది దైవఘటన కాదండీ, నా పొరపాటు. పేర్లు ఒకటే అయ్యేసరికి కంప్యూటర్ తాతగారినీ బాబునీ కలిపేసింది. తీసేసి వేరే క్యాసెట్ ఇస్తాను,” అన్నాను.

మామ్మగారు పత్తి వత్తి చేస్తోంది. చెయ్యి ఆపలేదు.

“తియ్యమాకమ్మా,” అంది. “కలవాలనేగా వాడికి ఆ పేరు పెట్టుకుంది.”

మొగుడి పేరు ఆమె నోటితో ఎన్నడూ పలకలేదు, మనవడినీ అందుకే బాబన్నది. ఆమె పలకని పేరు నేనిక్కడ రాయడం బాగోదు, అందుకే రాయలేదు. తరువాత చాలామంది మా ఇంటికి వచ్చి, ‘పోయినోళ్ళు వచ్చే మిక్సింగ్’ చేస్తారా అని మెల్లగా అడిగేవాళ్ళు. మేము కత్తెరకే మారిపోయాం. వాషింగ్ మిషన్ మాత్రం వచ్చింది.

ఇప్పుడు ఫోనే తనంతట తను పాత ఫొటోలు ఏరి, పాట పెట్టి, వీడియో చేసి పొద్దున్నే చూపిస్తోంది. పోయినేడు మా ఆయన పోయారు. మొన్న అది మా మనవడి పుట్టినరోజు ముక్కల మధ్య ఆయన్ను పెట్టింది, కెమెరా భుజాన వేసుకుని, నామీద విసుక్కుంటూ. దాచి ఉంచనా అని అడిగింది. ఈసారి పూర్తిగా చదివి, యెస్ నొక్కాను.