శాంతయ్య గారి కథకు నేను చదివిన ముగింపు

దెయ్యాలూ ఆత్మలూ అంటే నేను ఏనాడూ నమ్మినవాణ్ణి కాదు. ముప్పై ఏళ్లు తెనాలి చుట్టుపక్కల హైస్కూళ్లలో తెలుగు చెప్పాను. పిల్లలు దేనికైనా జడుసుకుంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఇదిగో కిటికీ రెక్క, ఇదిగో గాలి అని చూపించేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

అది చీకట్లో జరగలేదు. పట్టపగలు, మధ్యాహ్నం మూడు గంటలకు, బాపట్లలో, అంతమంది ఎదురుగా జరిగింది. అందులో ఉన్న వింత చెప్పడం నాకు కష్టం కాదు. నేను చేసిన పని చెప్పడమే కష్టం. రెండూ విడదీసి చెప్పడానికి కుదరక ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

మాకు చదువుకునేవాళ్ల బృందం ఒకటి ఉంది. తెనాలి, రేపల్లె, బాపట్ల కలిపి పద్నాలుగు మందిమి. నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలుస్తాం. లైబ్రేరియన్‌గా రిటైరైన రాజ్యలక్ష్మి గారు మాకు పెద్ద దిక్కు. బృందంలో నాకు బాగా చదివినవాడినని పేరు. ఏ పుస్తకం ప్రస్తావన వచ్చినా ఆఖరి మాట నాదే. వాటిలో కొన్ని నేను అట్ట మీద రాసింది తప్ప చదవలేదని ఎవరికీ తెలియదు.

శాంతయ్య గారు బృందంలోకి ఆలస్యంగా వచ్చారు. రేపల్లె లైన్లో గేట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. బండికీ బండికీ మధ్య గేటు గదిలో కూర్చుని చదవడం అలవాటైందట. ఎవరేం చెప్పినా తల కాస్త వంచి వినేవారు, చాలా తక్కువ మాట్లాడేవారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. మిగతా అందరూ శాంతయ్య గారూ అనేవాళ్లు. నేనొక్కణ్ణే శాంతయ్యా అని పిలిచేవాణ్ణి. ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు. నాకు మాత్రం ఎందుకో తెలుసు. కనీసం రాసేటప్పుడైనా గారు అంటున్నాను.

ఒకరోజు సమావేశం అయ్యాక తెనాలి స్టేషన్లో ఆయన రేపల్లె బండి కోసం నిలబడ్డారు. నేనూ తోడు ఉన్నాను. సంచీలోంచి పొడుగాటి నోటుబుక్కు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

"ఒక కథ రాస్తున్నానండి మాస్టారూ. మా అమ్మ గురించి. మీరు ఒకసారి చూసి చెబితే..."

అంతలో బండి వచ్చేసింది. ఆ మాట పూర్తి కాలేదు. నేనూ పూర్తి చేయించలేదు.

నోటుబుక్కు తెచ్చి బీరువాలో పెట్టాను. గేట్‌మ్యాన్ రాసిన కథ ఎలా ఉంటుందో చదవకుండానే నాకు తెలుసనుకున్నాను. నెల తర్వాత ఆయన ఫోన్ చేసి, వీలైందా అండీ అని అడిగారు. పరీక్షల పేపర్లు దిద్దుతున్నానన్నాను. మళ్లీ నెలకు చేశారు. ఇంట్లో పెళ్లి పనులన్నాను. మూడోసారి చేసినప్పుడు ఇంకో సాకు వెతకడానికి బద్ధకమేసింది.

"చదివాను శాంతయ్యా. చాలా బాగుంది. ముఖ్యంగా ముగింపు. అక్కడ ఒక్క అక్షరం కూడా మార్చకు."

"ముగింపు బాగుందాండి?"

"అద్భుతంగా ఉంది."

"అలాగేనండి. సంతోషం మాస్టారూ."

నోటుబుక్కు తెచ్చిస్తానంటే, ఉంచండి, తొందరేముంది అన్నారు. ఆ తర్వాత ఆయన నాకు ఫోన్ చేయలేదు. రెండు నెలలు తిరక్కుండానే గుండె ఆగి పోయారు. రేపల్లె వెళ్లి దండ వేసి వచ్చాను. నోటుబుక్కు నా బీరువాలోనే ఉండిపోయింది.

ఆయన జ్ఞాపకంగా ఒక రోజంతా కలిసి చదువుదామని రాజ్యలక్ష్మి గారు అన్నారు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా, బాపట్లలో ఒక స్కూలు హాల్లో. ఎవరి పుస్తకం వాళ్లది. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేసెయ్యాలి. గంటకొకరు లేచి పావుగంట పైకి చదవాలి, నిద్ర రాకుండా.

"మీరు ఆయన కథే చదవండి మాస్టారూ," అన్నారు రాజ్యలక్ష్మి గారు. "మీకు నచ్చిందని ఎంత సంబరంగా చెప్పారో మాకు."

వెళ్లేలోపు చదువుదామనుకున్నాను. చదవలేదు. హాల్లో అయినా పొద్దున్నే చదివేద్దామనుకున్నాను. ఆ రోజు వేరే పుస్తకం తెరిచి కూర్చున్నాను. తొమ్మిదింటికి ఇడ్లీలు, ఒంటిగంటకు పప్పు, దోసకాయ పచ్చడితో భోజనం. హాలంతా పేజీలు తిప్పే చప్పుడు, ఫ్యాను చప్పుడు. నా సంచీలో నోటుబుక్కు ఉంది. తీయాలనిపించినప్పుడల్లా ఇంకో పది పేజీలయ్యాక అనుకున్నాను. ఆయన అడగడానికి లేనప్పుడు కూడా నేను సాకులే చెప్పుకుంటున్నానని అప్పుడు తోచలేదు.

రెండున్నరకు శాంతయ్య గారి అమ్మాయి సువార్త వచ్చింది. బాపట్లలోనే టీచరు. వెనక వరసలో కూర్చుంది. మూడింటికి నా వంతు. రాజ్యలక్ష్మి గారు బుట్టలోంచి తన ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టారు. ఆ నోటుబుక్కు నేను మొట్టమొదటిసారి తెరిచింది అప్పుడే.

నీలం సిరా. కుడివైపు వాలిన అక్షరాలు. మొదటి పేజీ సగం అయ్యేసరికి నా గొంతు మారింది. అంత బాగుంది.

కథ చిన్నదే. ఒక గేట్‌మ్యాన్. అతని తల్లి రోజూ మధ్యాహ్నం గేటు దగ్గరికి క్యారేజీ తెస్తుంది. ఆవిడకు చూపు పోతోంది. కొడుక్కి చెప్పదు. కొడుక్కి తెలుసు. తెలుసని ఆవిడకు చెప్పడు. ఒక మధ్యాహ్నం గేటు వేసి ఉంది, బండి వస్తోంది. అవతల తల్లి గేటు కడ్డీని చేత్తో తడుముతూ, కింద నుంచి వంగి దూరబోతోంది. కొడుకు ఇవతల పచ్చజెండా పట్టుకుని ఉన్నాడు. కేక వేశాడు గానీ బండి కూతలో కలిసిపోయింది. వాళ్లిద్దరి మధ్య నుంచి బండి వెళ్లిపోయింది.

"దుమ్ము తగ్గాక చూసేసరికి," అని చదివాను. పేజీ తిప్పాను.

తల్లి అవతల రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఉంది. ఒళ్లో క్యారేజీ. పెదాలు కదులుతున్నాయి. కొడుకు పట్టాలు దాటి పరిగెత్తి ఆవిడ ముందు కూలబడ్డాడు. "ఏడు పెట్టెలేరా బుల్లోడా ఇయ్యాల. నిన్న తొమ్మిది," అంది తల్లి. కొడుకు ఆ దుమ్ములోనే కూర్చుని క్యారేజీ విప్పాడు. ఆవిడ వేళ్లతో తడిమి, ఉప్పు పొట్లం తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను అన్నం తిన్నంతసేపూ ఆవిడ ఇంకా వినబడుతున్న చక్రాల వైపు చెవి పెట్టి కూర్చుంది.

అక్కడ కథ అయిపోయింది. మూడు పేజీలు. ఒకచోట తడి తగిలి సిరా అలుక్కుపోయినట్టుంటే, ఆ మాట కోసం ఆగి కళ్లజోడు సర్దుకున్నాను. నాకు బాగా గుర్తు.

రాజ్యలక్ష్మి గారు కళ్లు తుడుచుకుంటున్నారు. సువార్త లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఒకసారి ఇస్తారాండి?"

ఇచ్చాను. ఆఖర్న రాసి ఉన్న పేజీ చూసింది. తిప్పింది. ఇంకోటి తిప్పింది. వెనక్కి వచ్చింది. మెల్లగా, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"మాస్టారూ, మీరు చదివింది ఎక్కడుందండి?"

నోటుబుక్కు తీసుకుని చూశాను. "దుమ్ము తగ్గాక చూసేసరికి" దగ్గర రాత ఆగిపోయింది. ఆ తర్వాత అన్నీ గీతల కాగితాలు. తెల్లగా ఉన్నాయి. చిరిగిన పేజీ లేదు, అలుక్కుపోయిన సిరా లేదు. రెండు పేజీలు అతుక్కున్నాయేమోనని వేలితో విడదీసి చూశాను.

ముందు భయం వేసిందని చెబితే అబద్ధం. ముందు గుర్తొచ్చింది ఆ ఫోన్. ఆయన స్టేషన్లో రాస్తున్నానన్నారు, రాశాననలేదు. ఎలా ముగించాలో అడగడానికి ఇచ్చారు. లేని ముగింపును నేను అద్భుతం అన్నాను. ఆయన అలాగేనండి, సంతోషం అన్నారు.

సువార్త ఇంకా నా మొహంలోకే చూస్తోంది. చుట్టూ మనుషులు చేరుతున్నారు. ఆ క్షణంలోనైనా నిజం చెప్పి ఉండాల్సింది.

"మిగతాది మీ నాన్న నాకు నోటితో చెప్పారమ్మా," అన్నాను.

ఎంత జ్ఞాపకముంచుకున్నారండీ అని అందరూ మెచ్చుకున్నారు. రాజ్యలక్ష్మి గారు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. నోటుబుక్కు సువార్తకు ఇచ్చేసి, ఏడింటి దాకా కూర్చుని, ఒక్క వాక్యం కూడా చదవకుండా పేజీలు తిప్పాను.

రికార్డింగ్ తర్వాత నా ఫోన్‌కి వచ్చింది. గొంతు నాదే. "దుమ్ము తగ్గాక" అన్న మాట తర్వాత మూడుసార్లు పేజీ తిప్పిన చప్పుడు కూడా ఉంది. నా పక్కన కూర్చున్న రిటైర్డ్ లెక్కల మాస్టారిని అడిగాను. "వేలు పెట్టి గీత గీతా చదివారుగా," అన్నారు. ఆయన కాగితంలోకి చూడలేదట.

నేనే అప్పటికప్పుడు అల్లానేమోనని కూడా ఆలోచించాను. తప్పు చేసినవాడి బుర్ర ఏమైనా చేస్తుంది. కానీ జీవితంలో నేను ఒక్క కథ రాయలేదు. బోగీని పెట్టె అని ఎప్పుడూ అనను. పైగా ఆ అక్షరాలు చూశాను.

మూడు వారాలకు బాపట్ల వెళ్లి సువార్త ఇంట్లో కూర్చుని అన్నీ చెప్పాను. బీరువా, సాకులు, ఫోన్, హాల్లో ఆడిన అబద్ధం. తలెత్తలేకపోయాను. ఆమె అంతా విని అంది.

"మీరు చదవలేదని నాన్నకు తెలుసండి. ఆ రోజే చెప్పారు. మాస్టారికి తీరిక లేదులేమ్మా, అడిగి ఇబ్బంది పెట్టొద్దన్నారు."

"మరి బృందంలో అందరికీ నాకు నచ్చిందని..."

"మీ మాట పోకూడదనండి."

ముగింపు ఆయన నీకు ఎప్పుడైనా చెప్పారా అని అడిగాను.

"లేదండి. ఆ ఫోన్ తర్వాత మళ్లీ పెన్ను పట్టలేదు. నాయనమ్మ చప్పుడుని బట్టి పెట్టెలు లెక్కపెట్టేదని మాత్రం తెలుసు. నాన్నని బుల్లోడా అనేది. అది మా ఇంట్లో వాళ్లకి తప్ప తెలీదండి. మీకు చెప్పారా?"

చెప్పలేదు. నేను ఏనాడూ ఆయన ఇంటి సంగతులు అడగలేదు.

సువార్త నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. మళ్లీ ఒకసారి చదవమంది. కళ్లజోడు పెట్టుకుని, మొదటి నుంచి చదివాను. "దుమ్ము తగ్గాక చూసేసరికి" దాకా వచ్చి పేజీ తిప్పాను. కాగితం తెల్లగా ఉంది. రికార్డింగ్ ఎన్నోసార్లు విన్నవాణ్ణే, ఆ మాటలు నాకు కంఠతా వచ్చు. అయినా ఆ తెల్లకాగితం చూస్తూ ఒక్కటీ నోటికి రాలేదు. సువార్త కాసేపు చూసి, నోటుబుక్కు మూసి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. బృందంలో మిగతావాళ్లకు ఇదే మొదటిసారి తెలియడం. ఆ శాలువా రాజ్యలక్ష్మి గారికి తిరిగి పంపించాను.

ఆ మూడు పేజీలు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన కథను అంత ప్రేమగా చదవగలిగినవాళ్లు ఆ హాల్లో పన్నెండు మంది ఉన్నారు. వాళ్లందర్నీ వదిలి, ఆయన బతికుండగా ఒక్క పేజీ తెరవని నాకే అవి ఎందుకు కనబడ్డాయో, అది అసలే తెలియదు.